వరసలో నిలబడ్డ బిందెలు

నా చిన్నప్పుడు, మూడో తరగతి చదివే రోజుల్లో, నేను గుప్పెడు కారప్పూసకు అమ్ముడుపోయాను. బేరం కూడా ఆడలేదు. ఇప్పటికీ ఓటుకు ఇంత పుచ్చుకున్నారని నలుగురూ ఎవరినైనా ఛీకొడుతుంటే, నేను మెల్లగా కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోతాను.

మాది మార్కాపురం దగ్గర, పలకల గనుల పక్క ఊరు. బడిపిల్లలకు పలకలిచ్చే రాయి ఉండేది గాని తాగడానికి నీళ్లుండేవి కావు. ఎండాకాలం వస్తే మైలు దూరంలో ఒక్క బావే దిక్కు. మా అమ్మ చీకటితో లేచి అక్కడికి రెండుసార్లు నడిచి, ఆ తర్వాత గనికి కూలికి పోయేది. ఆ ఏడు నా చెల్లెలు కడుపులో ఉంది.

అప్పుడే సర్కారు మా ఊరికి ఒక బోరింగు ఇస్తామంది. ఒక్కటే. నీళ్లు పడే చోట్లు మాత్రం రెండు తేలాయి. ఒకటి పై వీధిలో ఊరి పెద్దాయన వాకిలి, రెండోది మా కింది వీధి మొదలు. పెద్దాయన వాకిట్లో పడితే ఆయన గేదెలు తాగాకే మా బిందెలు నిండుతాయని అందరికీ తెలుసు. ఎక్కడ వేయాలో ఊరినే అడుగుతానని ఆఫీసరు కబురు పెట్టాడు. సభ పగలు పదింటికి. ఆ వేళకు మా వీధి వాళ్లంతా గనిలో ఉంటారు. ఒక్క పూట మానితే మేస్త్రీ మర్నాడు పనిలోకి రానివ్వడు.

పెద్దాయన జీతగాడు పిల్లలను పోగేసి కారప్పూస పంచాడు. జీపు రాగానే "పై వీధిలోనే!" అని అరవాలి. నా గొంతు పెద్దది కనక నన్ను ముందు నిలబెట్టాడు. నా జీవితంలో నేను నాయకుణ్ణయింది ఆ పావుగంటే.

మా అరుపులు విని పెద్దాయన మురిసిపోయి, "సూసినారు గదా సారూ, ఊరంతా ఒకే మాట మీదుంది" అన్నాడు. ఆఫీసరు కలం తీశాడు. అంతలో మా మేనత్త వచ్చింది. వీధి మొత్తం తరఫున ఆ పూట పని మానిన మనిషి ఆమె ఒక్కతే.

"ఊరంతా ఈడ లేదు సారూ. కింది వీధిలో వరసగా నిలబడుండారు. వచ్చి సూడండి."

వెళ్లాం. మనిషన్నది లేదు. బోరింగుకు గుర్తు పెట్టిన చోటు నుంచి వీధి మలుపు దాకా బిందెలే. సత్తువి, ఇత్తడివి, సొట్టలు పోయినవి. వాటి మధ్య, అడుగున మాటు వేసిన మా ఇంటి బిందె కనబడింది. గుప్పిట్లో మిగిలిన కారప్పూసను వీపు వెనక దాచుకున్నాను.

"ఏందమ్మే ఇది? బిందెలు యాడన్నా ఓటేసినాయా?" అని పెద్దాయన నవ్వాడు.

బావి దగ్గర మా ఊరి పద్ధతి ఒకటుంది. బిందెను వరసలో పెట్టి పనికి పోవచ్చు. వంతు వచ్చినప్పుడు పక్కవాళ్లు నింపి పెడతారు. ఆ వేసవిలోనే పెద్దాయన ఇంటి బిందెను ఎవరో పక్కకు జరిపితే ఆయన పంచాయితీ పెట్టించి, బిందె ఉంటే మనిషి ఉన్నట్టేనని తీర్పు చెప్పాడు.

"ఆ తీర్పు నువ్వు జెప్పిందే గదన్నా. మీ ఇంటి బిందె మనిషైనప్పుడు మా బిందెలు గాకుండా పోతాయా?" అంది అత్త.

పెద్దాయన నీళ్లు నమిలాడు. ఆ ఎండాకాలం మా ఊళ్లో నీళ్లు దొరికిన నోరు అదొక్కటే.

ఒక ఇంటివాళ్లే రెండు పెట్టలేదని నమ్మకమేమిటని ఆఫీసరు అడిగాడు. అడగాల్సిన మాటే. అత్త నా వైపు తిరిగి, "ఒరే, నీ గొంతు బలే ఉందిరా. ఇందాకటంత గట్టిగా సారుకు ఎంచి జెప్పు" అంది. నేను అంకె అరిచాను. ఆమె ఒక్కో బిందెను తాకి అది ఎవరి ఇంటిదో చెప్పింది. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క చోటా తడబడలేదు. మా బిందె పదిహేడోది. అక్కడ నా గొంతు సగానికి పడిపోయింది. మొత్తం నలభై మూడు. పై వీధిలో ఇళ్లు పదకొండు. ఆఫీసరు సున్నం తెప్పించి మా వీధి మొదట్లోనే ముగ్గు పోయించాడు.

చెల్లెలు పుట్టేనాటికి నీళ్లు పడ్డాయి. అమ్మ ఆ మైలు నడక మానింది. నేను ఎవరి పక్షాన అరిచానో అత్త ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. నన్నూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అప్పటినుంచి 'అందరూ ఇదే అంటున్నారు' అన్న మాట వినబడితే, అక్కడికి రాలేకపోయింది ఎవరా అని వెతకడం నాకు అలవాటైంది. రిటైరై గిద్దలూరులో ఉంటున్నాను. మొన్న మా కాలనీ సంఘం అధ్యక్షుడు తీర్మానాల పుస్తకం ఇంటికి తెచ్చాడు. మలుపులో కూరగాయలమ్మే ఆడవాళ్లను లేపేయాలట. సభ అయిపోయిందట, అందరూ సరేనన్నారట, నా సంతకం ఒక్కటే తక్కువట. పెట్టాను. దాని పైన, "ఈ సభకు నన్నూ పిలవలేదు, కూరగాయల వాళ్లనూ పిలవలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి మరీ పెట్టాను.

పుస్తకంలో ఆ రాత ఉండగా సభ మళ్లీ పెట్టక తప్పలేదు. ఈసారి కూరగాయల వాళ్లు బుట్టలతో సహా వచ్చి ముందు వరసంతా నిండిపోయారు. అధ్యక్షుడికి కుర్చీ మిగల్లేదు. నాకు మోకాళ్ల నొప్పులని అందరికీ తెలుసు గనక, నేను లేవలేదు.