కనకాన్ని అమ్ముకున్న మా బావ

మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్ చుట్టుపక్కల ముప్పై అయిదేళ్ళు గుర్రాల వైద్యుడిగా ఖ్యాతి గడించిన డాక్టర్ భీమేశ్వరరావు గారు కిందటి నెల ఒక మంగళవారం మధ్యాహ్నం స్వగృహంలో దివంగతులైనారు. ఆయన వయసు డెబ్బై రెండు. ఆయనకు భార్య శారద, కుమార్తె మైత్రి, రెండేళ్ళ మనవరాలు ఉన్నారు. నేను శారద చెల్లెల్ని, ఆయనకు మరదల్ని. ఈ నాలుగు వాక్యాలూ రాసి వారం రోజులు పక్కన పెట్టేశాను. స్వగృహం అని గౌరవంగా రాశాను గానీ, ఆయన పోయింది గరాజ్‌లో, బానెట్ ఎత్తి ఉన్న కారు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో.

అక్క ఫోన్ చేసేసరికి నేను బడిలో ఇయర్ నైన్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. "మీ బావ పిలిస్తే పలకట్లేదే" అంది.  క్లాసు పక్క టీచరుకి అప్పగించి బయల్దేరాను. నేను వెళ్ళేసరికి ఆంబులెన్స్ వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇక వాళ్ళు చేసేదేమీ లేదని అర్థమైంది. ఆయన చేతికి ఇంజనాయిలు అంటుకునే ఉంది.

మన తెలుగు సంఘం వారు ఆయన గురించి రాయమన్నారు. రాస్తాను. కానీ ఆయన పోవడానికి మూడు రోజుల ముందు నేను ఆయనకి ఒక సంగతి చెప్పాను. చెప్పి ఆయన మనసు విరిచాను. అది దాచిపెట్టి పుణ్యజీవి, సౌమ్యమూర్తి అని పేజీలు నింపితే నా మొహం నేను చూసుకోలేను. అందుకని అది కూడా రాస్తున్నాను.

సౌమ్యమూర్తి అనడం ఎలాగూ అబద్ధమే. మా బావగారికి కుదురు తక్కువ. పెళ్ళిపీటల మీదే మూడుసార్లు లేవబోతే పురోహితుడు ఉత్తరీయం పట్టుకుని కూర్చోబెట్టాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు బార్బెక్యూ విందుకి పిలిచినా ప్లేటు చేత్తో పట్టుకుని పెరడంతా తిరుగుతూ తినేవారు. "టీ తాగొద్దాం రండి" అంటే మనం వంటింట్లోకి అనుకునేవాళ్ళం. ఆయన ఉద్దేశం వంద కిలోమీటర్ల అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఏదో కొట్టు. అక్కడికి వెళ్ళి, నిలబడే టీ తాగి, వెంటనే వెనక్కి తిప్పేవారు.

జబ్బు చేసిన గుర్రం పక్కన మాత్రం ఆయన వేరే మనిషి. దాని డొక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, గంటసేపు కదలకుండా నిలబడేవారు. "స్టెతస్కోపు తరవాత. ముందు అరచేతికి తెలుస్తుంది" అనేవారు. రేసు గుర్రాల యజమానులు పెద్దపెద్ద ఆసుపత్రుల డాక్టర్లని కాదని ఈయన కోసం కాచుకుని ఉండేవారంటే ఆ చెయ్యే కారణం. ఇంట్లో మనుషులకి జ్వరం వచ్చినా ఆయన చూసేది అలాగే. మా అమ్మ ఒకసారి "బాబూ, నేను గుర్రాన్ని కాదు" అంది. "తెలుసు అత్తయ్యగారూ, గుర్రమైతే చెప్పిన మాట వినేది" అన్నారు.

టూరడిన్ దగ్గర ఒక రైతు ఆడగుర్రం ఈనలేక రెండు రోజులు అవస్థ పడితే తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ దక్కించారట. ఆ రైతు షెడ్డులో టార్పాలిన్ కింద ఒక కారు కనబడింది. ఈ దేశంలోనే తయారైన రెండు తలుపుల బండి. ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఇక్కడివాళ్ళు మజిల్ కార్ అంటారు. రంగు మాత్రం అచ్చంగా మన కనకాంబరం. బావగారు గుర్రాన్ని చూసినట్టే దాని మీద అరచెయ్యి వేసి చూసి, బతిమాలి కొనుక్కుని, కనకం అని పేరు పెట్టుకున్నారు. అప్పటికి ఆయనకి పెళ్ళి కాలేదు. అందుకే అక్క కాపరానికి వచ్చాక దాన్ని "మా సవతి" అనేది.

మా అమ్మ మొదటిసారి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి ఆ సవతినే తీసుకెళ్ళారు. రెండు తలుపుల కారులో వెనక సీట్లోకి వెళ్ళాలంటే ముందు సీటు వంచి, ఒళ్ళు ముడుచుకుని దూరాలి. అమ్మ పట్టుచీర కట్టుకుని ఎలాగో దూరింది. క్రాన్‌బర్న్ వచ్చాక బయటికి రాలేకపోయింది. బావగారు కిటికీలోంచి తొంగిచూసి, "తొందరేం లేదు అత్తయ్యగారూ, ఇంకో రౌండ్ వేసొద్దామా?" అన్నారు. "ముందు నన్ను దింపండి బాబూ, తరవాత మీ ఇష్టం" అంది అమ్మ. దింపాక ఆయన నిజంగానే ఇంకో రౌండ్ వెళ్ళొచ్చారు.

ఇక నా పాపం సంగతి. ముప్పై ఏళ్ళ కిందట నేను ఇక్కడ యూనివర్సిటీలో టీచరు చదువు చదువుకుంటూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అక్కకి ఏడో నెల. అంతకుముందు ఒక బిడ్డ ఆరో నెలలో పోయింది. అందుకని ఇంట్లో అందరం మెల్లగా నడిచేవాళ్ళం, మెల్లగా మాట్లాడేవాళ్ళం. ఆ నిశ్శబ్దం భరించలేక, ఒక ఆదివారం పులిహోర కలుపుతూ నేను నా హాస్టల్ విద్య ప్రదర్శించాను. ఎవరి బండి నంబరైనా చెబితే కూడి, ఏ గ్రహమో చెప్పి, దానికి ఫీజుగా కాఫీ ఇప్పించుకునేదాన్ని. మన దగ్గర బండి నంబరంటే చివరి అంకెలే కూడతారు. ముందున్న అక్షరాలని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ నంబర్ ప్లేటు మీద మూడు అక్షరాలు, మూడు అంకెలు. కనకానివి నాలుగు, ఆరు, ఏడు. పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది.

"ఎనిమిది బావా. శని నంబరు" అన్నాను.

"ఎనిమిది సిలిండర్లకి ఎనిమిది. సరిపోయింది" అన్నారు ఆయన.

అక్క మాత్రం నవ్వలేదు. చేతిలో కంచం కింద పెట్టి, "ఇంకోసారి కూడవే" అంది. కూడాను. మళ్ళీ ఎనిమిదే వచ్చింది. ఆ వారమంతా అక్క సరిగ్గా తినలేదు, శని బండి బిడ్డకి కీడంది. మూడో వారంలో గిప్స్‌లాండ్ వైపు నుంచి ఎవరో వచ్చి కనకాన్ని తోలుకుపోయాడు. బావగారు వీధి మలుపు దాకా నడిచి వెళ్ళి చూసి, తిరిగొచ్చి, బండి నిలిపే చోట ఉన్న ఆయిలు మరకని సబ్బుతో కడిగారు. ఆ తరవాత నాలుగు తలుపుల తెల్ల కారు వచ్చింది. నెలలు నిండి మైత్రి క్షేమంగా పుట్టింది. ఆయన దాని ఒళ్ళంతా అరచేత్తో తడిమి చూసి, "ఫస్ట్ క్లాస్" అన్నారు.

ఆ తరవాత ఆయన రోడ్డు మీద ఏ కాషాయం రంగు, నారింజ రంగు బండి కనబడినా వదిలేవారు కాదు. మైత్రికి ఎనిమిదేళ్ళప్పుడు కూచిపూడి క్లాసుకి దింపడానికి బయల్దేరి, అలాంటి బండి వెనక పడి గంట దూరంలో ఉన్న కొరంబరా దాకా వెళ్ళిపోయారు. గజ్జెల సంచీ ఒళ్ళో పెట్టుకుని పిల్ల వెనక నుంచి, "డాడ్, వి ఆర్ సో లేట్. కెన్ వి ప్లీజ్ టర్న్ అరౌండ్?" అని ఏడుపు మొహం పెట్టిందట. "అది కాదులే నాన్నా" అన్నారట ఆయన. కారు గురించి ఆ మాట. పిల్ల తనని ఓదారుస్తున్నారనుకుంది.

మోకాలి మీద ఒక గుర్రం తన్నాక ఆయన వృత్తి మానుకున్నారు. ఖాళీగా ఇంట్లో ఉంటే మనిషికి ఊపిరాడలేదు. కనకం కోసం ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. మిల్డూరా దాకా ఆచూకీ దొరికింది, అక్కడితో తెగిపోయింది. అప్పుడు అదే ఏడాదిలో తయారైన అదే మోడల్ బండి ఒకటి కొన్నారు. నీలం రంగు. దానికి కనకాంబరం రంగు వేయించి, మొదట నన్నెక్కించుకుని తిప్పారు. క్లైడ్ నార్త్‌లో మా ఇంటి ముందు ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు.

"ఎలా ఉంది బావా?"

"బానే ఉంది. అక్కనడిగితే చెల్లెల్నిచ్చినట్టుంది."

"చెల్లెళ్ళకేం తక్కువ?"

"తక్కువని ఎవరన్నారు? నువ్వు మంచిదానివే. కానీ మీ అక్కవి కావుగా" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఏడాది తిరక్కుండా దాన్ని అమ్మేసి ఇంకోటి కొన్నారు. దాన్నీ అమ్మేసి మూడోది. బాగుచేసే మెకానిక్ "మేట్, దే ఆర్ ఆల్ ద సేమ్ కార్" అని తల కొట్టుకున్నాడు. ఆయన ప్రతిసారీ చెయ్యి ఆనించి చూసి, "ఇది కాదు" అనేవారు.

ఈ మధ్యలో నేనూ కొత్త కారు కొన్నాను. పూజకి వచ్చిన పంతులుగారు నంబర్ చూసి, "ఇక్కడ అక్షరాలకి కూడా విలువ కట్టి కలపాలమ్మా, ఉత్త అంకెలు చాలవు" అన్నారు. ఆ సాయంత్రం కూర్చుని కనకం నంబరు ఆయన చెప్పిన పద్ధతిలో కూడాను. ఐదు వచ్చింది. ప్రయాణాలకి దివ్యమైన నంబరట. నేను లెక్కల టీచర్ని. రెండు లెక్కలూ పిచ్చివేనని నాకు తెలుసు. అయినా నా పిచ్చి లెక్క, అందులోనూ తప్పు లెక్క, బావగారి కనకాన్ని పోగొట్టిందన్న ఆలోచన నన్ను తినేసింది. ఏడేళ్ళు నోరు విప్పలేదు.

ఆయన పోవడానికి ముందు శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గరాజ్‌లో మూడో కారు ముందు వంగి ఉన్నారు. "ఇది కూడా కాదు రమా, అమ్మేస్తాను. ఆ ఎనిమిది లేకపోయుంటే కనకం ఇక్కడే ఉండేది" అన్నారు. నేను ఆగలేకపోయాను. పంతులుగారి సంగతి, అక్షరాల సంగతి, ఐదు సంగతి అంతా చెప్పేశాను. క్షమించమన్నాను. ఆయన నవ్వేస్తారనే అనుకున్నాను.

ఆయన స్పానర్ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. "మరి నేను ఇన్నాళ్ళూ అనుకున్నదేంటి?" అన్నారు.

"ఏమనుకున్నారు బావా?"

"కనకాన్ని ఇచ్చి మైత్రిని తెచ్చుకున్నాననుకున్నా. ఎంత గుర్తొచ్చినా, పిల్ల మొహం చూసి సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరికే అమ్మేసుకున్నవాణ్ణయిపోయా." మళ్ళీ ఆయనే, "ఏడేళ్ళు ఆగినదానివి, ఇంకొన్నాళ్ళు ఆగకపోయావా?" అన్నారు. కోపం కూడా లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. నేను వచ్చేస్తుంటే, "మీ అక్కకి చెప్పకు" అన్నారు. అవే ఆయన నాతో అన్న ఆఖరి మాటలు. ఆదివారం, సోమవారం ఫోన్ చేశాను, తియ్యలేదు.

రెండేళ్ళుగా ఆయన గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నా మాటకే పోయారని నేను అనను. కాదని చెప్పగలిగే ధైర్యం కూడా నాకు లేదు. పదకొండో రోజు కార్యక్రమం అయ్యేదాకా అక్క మొహంలోకి చూడలేకపోయాను.

ఆ రోజు వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక అక్కే అడిగింది. "ఆ శనివారం మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారే? అప్పట్నుంచి మనిషి అన్నం ముందు కూర్చోవడం, లేవడం." నేను ఆయన మాట నిలబెట్టలేకపోయాను. చెప్పేశాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"నీ ఎనిమిదిని నమ్మి అమ్మించాననుకున్నావుటే? మీ బావ ఆ బండిలో కూ వీ రప్ ఊరి నుంచి అరగంట దారి పావుగంటలో వచ్చేశానని గొప్పగా చెప్పుకునేవారు. వింటుంటే నా గుండె జారిపోయేది. అప్పటికే ఒక బిడ్డ పోయింది. ఇంకొకర్ని పంపే ఓపిక నాకు లేదు. నాకు భయంగా ఉందంటే నవ్వేసేవారు. బిడ్డకి కీడంటే మాత్రం మారుమాట్లాడరని తెలుసు. నువ్వు ఎనిమిదన్నావు, పట్టుకున్నాను. మూడన్నా మూడు మంచిది కాదనేదాన్ని."

"ఆయనకి ఎప్పుడూ చెప్పలేదా?"

"పిల్ల కోసం ఇచ్చానని తృప్తిగా ఉండేవారుగా. చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా. ఆ బండే ఉంటే మనిషి ఎప్పుడో పోయేవారే. మనవరాల్ని ఎత్తుకునేదాకా ఉన్నారు." అలా అని అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన పోయాక అక్క అంతలా ఏడవడం అదే మొదలు.

గుర్రాలకి ఇంకో డాక్టరు వస్తారు, వచ్చారు కూడా. మరదల్ని ఏడిపించే బావ, వంద కిలోమీటర్లు టీకి లాక్కెళ్ళే బావ నాకు ఇంకెక్కడా దొరకరు. ఆ మహనీయుడి ఆత్మ శాంతించాలని అందరూ ప్రార్థిస్తున్నారు. శాంతి ఆయనకి అలవాటు లేని వస్తువు, నాకు ఇక దొరకని వస్తువు. ఆయన పాదాలకి నమస్కరించి ఆ శనివారం చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. బావా, కనకాన్ని మీరు ఊరికే అమ్ముకోలేదు. అక్క దాన్నిచ్చి తెచ్చుకున్నది మిమ్మల్ని.