మాలం సాండా చెప్పని ఉపవాసం

నైజీరియాలోని కట్సినాలో మానసిక రోగుల ఆసుపత్రి నర్సు లరైని వాళ్ల అత్తగారు ఊరికే ఆటపట్టించేది: "పిచ్చి పట్టించే జిన్నులతో కాపురం చేస్తున్నావే నువ్వు!" లరై నవ్వేసి నమాజుకు లేచేది. ఏ సంగతైనా ఎందుకో తెలుసుకోనిదే ఆమెకు నిద్రపట్టదు.

ఆ ఏడు రంజాన్ నెల మొదట్లో, ఖురాన్ చెప్పే పంతులు, అందరూ మాలం అని పిలిచే సాండాను ఆయన తమ్ముడు ఆసుపత్రికి మోసుకొచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. మనసు జబ్బుకు ఆరేళ్లుగా లిథియం మాత్రలతో నిలకడగా ఉన్న మనిషి. మండుటెండల్లో మంచినీళ్లు ముట్టకుండా ఉపవాసం ఉండేసరికి ఆ మందే ఒంట్లో పేరుకుని విషమైంది.

నాలుగు రోజులకు తేరుకున్నాడు. లరై మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"రోగులకు ఉపవాసం మాఫీ అని పిల్లలకు నేర్పేది మీరే కదా, మాలం గారూ. మరి మీరెందుకున్నారు?"

"నాకే పరీక్ష పెడుతున్నావా తల్లీ?"

"లేదండీ. నిజంగా తెలియకే అడుగుతున్నా."

"జ్వరమొచ్చినవాడు పగలు తింటే అయ్యో పాపం అంటారు. నేను తింటే మళ్లీ పిచ్చి తిరగబెట్టిందంటారు. మర్నాడు నా దగ్గరికి ఎవరు పంపుతారు పిల్లల్ని?"

ఇన్నేళ్లలో లరైకి ఆ సంగతి తట్టనే లేదు. కాస్త తటపటాయించి, తల దించుకుని అంది: "మేం ఆడవాళ్లమూ నెలలో కొన్ని రోజులు ఉపవాసం ఉండం. తలుపు చాటున తింటాం. ఎవరూ అడగరు, మేమూ చెప్పం."

మొదట మాలం సిగ్గుపడ్డాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. "మరి సాయంత్రం అందరితో ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు కూర్చుంటే మోసం కాదూ?"

"చిన్నప్పట్నుంచీ నాకూ అదే అనుమానం!"

ఇద్దరూ వెళ్లి ఆసుపత్రి మసీదు ఇమామును అడిగారు. "అడగనిది చెప్పకపోతే అబద్ధం కాదు. ఉన్నానని చెబితేనే అబద్ధం. ఉపవాసానికి బదులు రోజూ ఒక పేదవాడికి అన్నం పెట్టు," అన్నాడాయన.

మాలం ఇంటికి వెళ్లాక రోజూ గదిలో సజ్జ జావ తాగి మాత్ర వేసుకున్నాడు. పొరుగున ఉన్న ఒక గుడ్డి ముసలాయనకు భోజనం పంపాడు. ఒక సాయంత్రం ఇఫ్తార్ దగ్గర దర్జీ గంబో అడగనే అడిగాడు: "ఉపవాసాలు ఎలా సాగుతున్నాయి మాలం?"

మాలం చేతిలోని ఖర్జూరం కింద పెట్టాడు. "ఉండటం లేదు గంబో. మాత్రలు వాడుతున్నాను. మనసు జబ్బుకు."

పండగ వెళ్లాక ఇద్దరు పిల్లలు ఆయన దగ్గర చదువు మానేశారు. మిగిలినవాళ్లు వస్తూనే ఉన్నారు.

ఆ తర్వాతి వారం గంబో తన భార్యను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "పగలంతా పడుకునే ఉంటుందమ్మా, ఎందుకో..." అని మొదలుపెట్టాడు.

"మీరు కాస్త బయట కూర్చోండి," అంది లరై. "ఆమెనే అడుగుతాను."