ఖాళీగా మిగిలిన కుడి భుజం

అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో మా అక్క ఇంటి గరాజ్‌లో రెండో కారుకు చోటు చాలడం లేదని, పదేళ్ళుగా అక్కడ పడివున్న నా అట్టపెట్టెను మొన్న శనివారం ఇంట్లోకి మోయించింది. అందులో ఇరవై మూడు పుస్తకాలున్నాయి. అన్నీ పచ్చ గుడ్డ అట్టవి. అమెరికా సైన్యంలో ప్రతి సార్జెంట్ చంకలోనూ కనిపించే రకం. తక్కినవాళ్ళు వాటిలో ట్రక్కుల నంబర్లు రాసుకునేవారు. నేను రోజును రాసుకున్నాను: ఏ గంటకు ఏ పని, ఎవరు ఏమన్నారు, నేనేమన్నాను. పేజీ అడుగున గీత గీసి, దాని కింద ‘తెలుగు’ అని రాసి, ఆ రోజు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడి ఉంటే ‘ఉంది’ అనీ, లేకుంటే ‘లేదు’ అనీ నమోదు చేసేవాణ్ణి. మా బావగారు దీన్ని కోర్టు గుమాస్తా జబ్బు అనేవారు. జబ్బే కావచ్చు. కానీ నాకు జరిగిన అన్యాయానికి సాక్ష్యమంతా ఆ పెట్టెలోనే ఉందని నా నమ్మకం.

నేను ఆఫీసర్‌గా పనిచేయలేదు. డీజిల్ ట్రక్కుల మెకానిక్‌గా సైన్యంలో చేరి, ఆ పనిలోనే స్టాఫ్ సార్జెంట్‌నయ్యాను. టకోమా దగ్గరి బేస్‌లో మా ప్లటూన్ ఉండేది. షెడ్డులో నా పేరు చెక్కిన టూల్‌బాక్స్ ఉండేది. సైన్యంలో ఒక పద్ధతి ఉంది. కొన్నేళ్ళ తరవాత మనిషిని సొంత పని నుంచి తప్పించి, మూడేళ్ళపాటు వేరే పనికి పంపుతారు: కొత్తవాళ్ళను చేర్పించడం, వాళ్ళకు శిక్షణనివ్వడం వంటివి. దాన్ని స్పెషల్ డ్యూటీ అంటారు. ఒకటి చేస్తే గౌరవం. చేసి వెనక్కి వచ్చి, మళ్ళీ తన మనుషులను తాను నడిపించాలి. వరసగా రెండు చేసేవాళ్ళు అరుదు. నేను చేశాను.

మొదటిది రిక్రూటర్ పని, రెండు వేల మూడు నుంచి, జెర్సీ సిటీలో. యూనిఫాంలో లిఫ్ట్ ఎక్కినప్పుడు మా అపార్ట్‌మెంట్ టవర్‌లోని తెలుగువారు ముందు నా ఛాతీ మీది ఇంటిపేరు చదివేవారు, తరవాత నా ముఖం చూసేవారు. ఒకాయన అడిగారు: “ఆర్మీలో సిస్టమ్స్ సైడా అండీ?” కాదండీ, సార్జెంట్‌ని అన్నాను. “ఓహో. పర్మనెంట్ అవుతుందా మరి?” అన్నారాయన జాలిగా. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నేను కరపత్రాలు పెట్టుకుని కూర్చున్న బల్ల చుట్టూ మాత్రం గడ్డి నలగలేదు. తల్లులు పిల్లల భుజాలు పట్టుకుని పక్కదారిన వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టను, అప్పటికి ఇరాక్ వార్తలు రోజూ టీవీలో వస్తున్నాయి. ఆ రోజు పేజీ అడుగున ‘ఉంది’ అని రాసి, కొట్టేసి, మళ్ళీ ‘ఉంది’ అనే రాశాను.

మూడేళ్ళు ముగిసే ముందు, మా పోస్టింగులు చూసే అధికారి ఫోన్ చేశాడు. “రెండు స్పెషల్ డ్యూటీల బ్యాడ్జీలుంటే ప్రమోషన్ బోర్డు నిన్ను కాదనలేదు, సార్జెంట్,” అన్నాడు. ఆ మాట నమ్మి నేను డ్రిల్ సార్జెంట్‌గా సౌత్ కెరొలైనా వెళ్ళానని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చాను. అక్కడ ఉదయం నాలుగింటి నుంచి, శిక్షణకు వచ్చిన అరవై మంది మీద అరవడమే పని. అరవై మందీ నాకు జవాబు చెప్పేవారు; ఒక్కరూ నాతో మాట్లాడేవారు కాదు, మాట్లాడకూడదు కూడా. గదికి వచ్చి ఇస్త్రీ చేసుకుంటూ, గోడకు తగిలించిన గుండ్రటి టోపీ వంక చూస్తూ ఉండేవాణ్ణి. ఆదివారం అక్కకు ఫోన్ చేస్తే, “ఏవిట్రా ఆ గొంతు? నేను నీ రిక్రూట్‌ని కాదు, మెల్లిగా మాట్లాడు,” అనేది. మెల్లిగా మాట్లాడటానికి ప్రయత్నిస్తే గొంతు వచ్చేది కాదు. ఆ ఏళ్ళ పుస్తకాలలో ఆరేసి పేజీలు ‘లేదు’, ఏడోది ‘ఉంది’.

ఈలోగా మా ప్లటూన్ ఇరాక్ వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చింది. సెలవు మీద వాళ్ళను చూడబోయాను. యుద్ధభూమికి వెళ్ళివచ్చినవాళ్ళు ఆ యూనిట్ గుర్తును కుడి భుజం మీద కుట్టించుకుంటారు. ఆ షెడ్డులో కుడి భుజం ఖాళీగా ఉన్నది నా ఒక్కడికే. నా టూల్‌బాక్స్ ఎవరూ ముట్టుకోలేదు. మీద దుమ్ము కూడా తుడిచి ఉంచారు. మాంసం కాలుస్తూ ఏదో ఇసుక తుఫాను గురించి, ఏదో ట్రక్కు గురించి చెప్పుకుని పడిపడి నవ్వారు. ఏమైందని అడిగాను. నా దగ్గర పని నేర్చుకున్న ఆలబామా కార్పొరల్ నా ప్లేటులో ఇంకో ముక్క వేసి, “వదిలేయ్ సార్జెంట్, నువ్వు అక్కడ లేవుగా, చెప్పినా నవ్వు రాదు,” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద అరవై మంది మౌనం కన్నా బరువుగా తోచింది.

బోర్డు నన్ను రెండుసార్లు కాదంది. మా వృత్తివాళ్ళందరికీ కలిపి అది వెలువరించిన కాగితంలో, సొంత పనికి ఎక్కువ కాలం దూరంగా ఉన్నవారు వెనకబడ్డారన్న వాక్యం ఉంది. నాకు ఒళ్ళు మండింది. అధికారి అన్న మాటను తేదీతో, గంటతో ఉటంకిస్తూ పదకొండు పేజీల ఫిర్యాదు రాశాను. అలాంటి హామీ ఏదీ ఫైలులో లేదని మూడు వాక్యాల జవాబు వచ్చింది. తరవాత నేను చేరిన యూనిట్లు అప్పటికే ఇరాక్ వెళ్ళివచ్చినవి. రెండు వేల పద్నాలుగులో, అదే హోదాలో, అదే భుజంతో రిటైరయ్యాను.

శనివారం నాడు అక్క కళ్ళజోడు పెట్టుకుని, పోస్టింగుల అధికారి ఫోన్ వచ్చిన రోజు పేజీ తనే వెదికి తీసింది. అధికారి మాటకు పైన రెండు పంక్తులున్నాయి. ‘ఆయన: మీ ప్లటూన్ ఇరాక్ వెళ్తోంది, నిన్ను వాళ్ళ దగ్గరికే వేస్తాను, సరేనా? నేను: ఇంకో స్పెషల్ డ్యూటీ ఏదైనా ఖాళీ ఉందా?’

“ముందు అడిగింది నువ్వేగా?” అంది.

“అవును.”

“మరి కంప్లైంట్‌లో ఈ లైన్లు పెట్టలేదేం?”

“కంప్లైంట్ ఆయన మీద, నా మీద కాదుగా.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “భయపడ్డావా?”

“అది రాసుకోలేదు.”

“రాసుకున్నావా అని అడిగానా?”

“భయపడ్డానక్కా.”

ఆమె కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. “నువ్వు ఇరాక్ వెళ్ళట్లేదని తెలిసిన రోజు ల్యాబ్‌లో హాఫ్ డే పెట్టేసి, ఇంటికి డ్రైవ్ చేసుకొచ్చి హాయిగా నిద్రపోయానురా. అది నేనూ నీకు చెప్పలేదు,” అంది.

గరాజ్‌లో ఇప్పుడు రెండో కారు ఉంది. పెట్టె అదే ఇంట్లో నేనుంటున్న గదిలో, మంచం కింద ఉంది. ఆ రాత పచ్చ పుస్తకాలతోనే ముగిసిందనుకున్నాను కానీ, ఆ సాయంత్రం ఒక కాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు రాసి, అడుగున గీత గీసి, ‘తెలుగు: ఉంది’ అని పెట్టాను. నా మీద రాయవలసిన ఫిర్యాదును కాలం ఎన్నడూ రాయలేదు. నేను రాసుకున్న ఆ రెండు పంక్తులనే దాచిపెట్టి, చదివి ఒప్పుకోగల వయసు వచ్చాక నా చేతికిచ్చింది.