స్పిరిట్ సీసాలో పాలు

నిన్న కరీంనగర్ ఆసుపత్రిలో నర్సు నా జబ్బకు స్పిరిట్ దూది రాస్తూ, "పిల్లలెందరవ్వా?" అని మామూలుగా అడిగింది. ఆ వాసన తగలగానే వెనకటి మా బడి సైన్సు గది, అందులో స్పిరిట్‌లో నిలవ ఉంచిన పాము సీసా, దాని పక్కన అజీజ్ సార్, అన్నీ ఒక్కసారే వచ్చి నిలబడ్డాయి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆ బడిలో టీచరుగా చేరాను. సైన్సు చెప్పే అజీజ్ సార్ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఓడలో డాక్టరుగా చేసిన ఆయన స్నేహితుడొకరు బ్రెజిల్ నుంచి ఆ పామును తెచ్చిచ్చారు. అక్కడ సముద్రం మధ్య ఒకే ఒక్క చిన్న దీవిలో తప్ప అది లోకంలో ఇంకెక్కడా పుట్టదట. దీవి మీద వాలిన పక్షులే దానికి తిండి. కరిచిన పక్షి ఎగిరిపోకముందే చావాలి కాబట్టి దానికి అంత విషం. ఆ దీవినీ మనుషులు తగలబెడుతున్నారని చెప్పేటప్పుడు, పక్క గదిలో రోగి ఉన్నట్టు సార్ గొంతు తగ్గించేవారు.

దాని బంగారు రంగు ఎప్పుడో వెలిసిపోయింది. మన రక్తపెంజరి లాగే అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కోసిన కడుపులో పుట్టని పిల్లలు ముడుచుకుని కనిపించేవి. సాయంత్రం సార్ సీసాను దాని తల గోడవైపు ఉండేట్టు తిప్పి తాళం వేసేవారు. పొద్దున నేను తలుపు తీస్తే అది నా వైపే చూస్తుండేది. బస్సులు పోతే బల్ల అదురుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

అప్పటికే నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు, కడుపుతో చచ్చిన పామును రోజూ చూస్తున్నానని, దాని ఉసురే తగులుతోందని మా అత్త అంది. పిల్లలకు సైన్సు చెప్పేదాన్నే, కానీ భయం చదువు మాట వింటుందా? నాగుల పంచమి నాడు ఆడవాళ్లంతా పుట్టకు పోతే నేను బడికి పోయాను. సీసా మూత తీసి చెంబెడు పాలు పోశాను. పాలు విరిగి తెల్లగా కమ్ముకున్నాయి. పాము కనిపించకుండా పోయింది.

మరునాడు హెడ్మాస్టరు అడిగితే సార్ తప్పు తన మీదే వేసుకున్నారు. తర్వాత నన్ను పిలిచి, పాలవిరుగుడును గుడ్డలో వడకట్టారు. ఆ తెల్లటి ముద్దలో ఒక పాముపిల్ల తల్లి కడుపులోంచి జారి విడిగా పడి ఉంది. సార్ దాన్ని పట్టకారుతో తీసి మళ్లీ కడుపులో పెట్టారు. నన్ను దారం పట్టుకోమని, కోసిన చోట కుట్లు వేశారు. పని అయిపోయేదాకా నా ముఖం చూడలేదు.

"గిది ఎవలకు శాపం పెడ్తది బిడ్డా?" అన్నారు చివరికి. "దాని పిల్లలే దానికి దక్కలే."

ఆ మూడో కడుపూ నిలవలేదు. కానీ ఆసారి నేను శాపానికి భయపడి ఏడవలేదు, నా బిడ్డ కోసం ఏడ్చాను. అట్లా ఏడవొచ్చని నాకు తెలిసింది సార్ వల్లనే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ దీవిలో ఆ పాములు ఇంకా ఉన్నాయో లేదో చెప్పేవాళ్లు నాకెవరూ లేరు.

నర్సు దూది పారేసి, వినలేదేమోనని మళ్లీ అడిగింది. ఇన్నేళ్లూ ఎవరడిగినా లేరనే చెప్పాను.

"ముగ్గురు బిడ్డా," అన్నాను. "దక్కలే."