వెలుతురుకెత్తి చూసే మనిషి

మందుసీసానైనా చీరంచునైనా కిటికీ వెలుతురుకెత్తి చూడటం మా వదిన అలవాటు.

పలాసలో డయాలసిస్ చేయించుకునే అన్నకు గొట్టం దగ్గర చీము పట్టింది. అందులోని బ్యాక్టీరియా ఏ మందుకూ లొంగలేదు. ల్యాబులో పనిచేసే వదిన, దాన్ని చంపే వైరస్ మురుగులో దొరుకుతుందని భావనపాడు రేవులో మురుగునీళ్ళు సీసాల్లోకి పట్టేది.

"మురుగుతో మొగుడికి మందేటమ్మా?" అని చేపలమ్మే ఆమె నవ్వింది.

"పనిసేత్తే నీకే ముందు సెప్తాను పిన్నీ."

పనిచేసింది. గాజుపళ్ళెం పైకెత్తి, బ్యాక్టీరియా చచ్చినచోట ఏర్పడ్డ తేటచుక్కలు నాకు చూపించింది. ఒంట్లోకి ఎక్కించాలంటే అనుమతి కావాలి. అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది.

అన్న పోయిన పదోరోజున అర్జీ మళ్ళీ తిరిగొచ్చింది. రోగి సంతకం స్పష్టంగా లేదట, ఇంకోసారి చేయించాలట.

వదిన ఆ కాగితాన్ని కిటికీకెత్తి చాలాసేపు చూసింది.

"తేటగానే కనిపిత్తంది కదా బాబూ," అంది నాతో.