రెండో ర్యామ్ వేసిన రోజు మా నాయనమ్మ పాడిన పాట

మా చిన్నప్పుడు... ఒక శనివారం మధ్యాహ్నం మా రూతత్త మా నాన్న లాప్‌టాప్‌ని కావిడిపెట్టె మీద బోర్లా పెట్టి మరలు విప్పడం మొదలుపెట్టింది. నాన్న వసారాలో నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. నేను ఆరో తరగతి... ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడ్డాను.

రూతత్త మా నాన్న చెల్లెలు. పాలిటెక్నిక్ చదివి, చీరాలలో ఒక స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. మాది పర్చూరు వైపు పల్లెటూరు... చుట్టూ మిరప, పత్తి. నాన్న బడిపంతులు.

ఆ తొందరంతా నాయనమ్మ గొంతు కోసం.

ఆమెకు గొంతులో గడ్డ లేచింది. మంగళవారం గుంటూరులో ఆపరేషను. "మాట వస్తుంది గానీ, గొంతు మునుపటిలా ఉంటుందని మాత్రం చెప్పలేను" అన్నాడు డాక్టరు.

మా నాయనమ్మ గొంతు గురించి ఎలా చెప్పాలి... మిరపకోతల్లో ఆమె పాట ఎత్తుకుంటే చేను అవతలి గట్టున ఉన్నవాళ్ళు కూడా అందుకునేవాళ్ళు. చర్చిలో ఆమెకు మైకు పెట్టేవాళ్ళు కాదు, అవసరం ఉండేది కాదు. అన్నిటికంటే, వాళ్ళమ్మ పాడిన జోలపాట ఒకటి ఉండేది. అది పూర్తిగా వచ్చింది ఆమె ఒక్కదానికే.

ఆ పాట దాచుకోవాలని నాన్న ముందు ఫోనులో రికార్డు చేశాడు. రేకుడబ్బాలో పాడినట్టు వచ్చింది. చర్చి మైకు తెచ్చి లాప్‌టాప్‌కి తగిలిస్తే, ఒక చరణం అయ్యేసరికి అది బిగుసుకుపోయేది. నాయనమ్మ పాపం మళ్ళీ మొదలు... మళ్ళీ అక్కడే ఆగిపోవడం.

"ర్యామ్ చాలట్లేదన్నయ్యా, ఇంకో మెమరీ బిళ్ళ వెయ్యాలి" అంది రూతత్త.

నాన్న చీరాలలో షాపుకి పట్టుకెళ్ళాడు. "దీంట్లో ఉన్న కంపెనీదే కావాలండి. విజయవాడ నుంచి తెప్పించాలి, వారం పడుద్ది. వేరేది కలిపారంటే బోర్డు కాలిపోద్ది" అన్నాడట షాపతను. వారం ఎక్కడుంది మాకు?

రూతత్త తన స్నేహితురాలి పాడైపోయిన లాప్‌టాప్‌లోంచి ఒక ర్యామ్ తీసుకొచ్చింది. వేరే కంపెనీది.

"వద్దమ్మా, ఉన్నది కాస్తా పోద్ది" అన్నాడు నాన్న.

"కంపెనీ పేరు కాదన్నయ్యా చూడాల్సింది. రెండూ ఒకే రకం, ఒకే ఓల్టేజీ. ఇది కొంచెం స్పీడెక్కువ, అంతే. రెండూ కలిసి తక్కువదాని స్పీడుకే నడుస్తాయి. ఒక్కోసారి రెండిటికీ పడదనుకో... పడకపోతే తీసేస్తా. కాలిపోయేదేం లేదు."

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. "కానీయ్ రా, దానికి తెలిసిన పని" అంది నాయనమ్మ.

రూతత్త బ్యాటరీ తీసి పక్కన పెట్టింది. ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోయేలా కిటికీ ఇనప చువ్వ ఒకసారి ముట్టుకుని, మూత ఎత్తింది.

అబ్బ... ఆ లోపలి లోకం! పచ్చటి నేల మీద సన్నటి దారులు, నల్లటి పెంకుటిళ్ళలాంటి చిప్పులు... పైనుంచి చూసిన ఊరిలా ఉంది. ర్యామ్ అంటే ఎంత ఉంటుందో అనుకున్నాను. నా అరచేతికంటే చిన్న బిళ్ళ, అంచున బంగారురంగు పళ్ళు. నాయనమ్మ పాటకి ఇది చోటిస్తుందా?

కొత్తది ఖాళీగా ఉన్న గాడిలో పెట్టి, బ్యాటరీ వేసి, బటన్ నొక్కింది.

తెర నల్లగానే ఉంది...

"నేను చెప్పలా?" అన్నాడు నాన్న.

"ఉండన్నయ్యా, సరిగ్గా కూర్చున్నట్టు లేదు." మళ్ళీ విప్పింది. నా రబ్బరు తీసుకుని ఆ బంగారు పళ్ళ మీద మెల్లగా రుద్ది, ఏటవాలుగా దించి నొక్కింది. టక్ మంది. ఈసారి బటన్ నొక్కితే తెర వెలిగింది! మెమరీ రెండింతలు చూపించింది. నాన్న అక్కడే నేలమీద కూలబడి నవ్వాడు.

అమ్మ పొయ్యి మీద కుక్కరు దించేసింది. ఫ్యాను ఆపారు. పక్కింటి మేకపిల్లను దొడ్డివైపు తోలారు. నాయనమ్మ కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది... ఎక్కడా ఆగలేదు. చివరి మాట దాకా పాడింది.

రూతత్త ఆ పాట మళ్ళీ పెట్టింది. నాయనమ్మ గుండెల మీద చెయ్యేసుకుని విన్నది. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు అంత స్పష్టంగా వినడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇది నేనేనా? నాకు లోపల ఇట్టా వినపడదే... బయటికి ఇంత బాగుంటదా!"



ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ చెడ్డది కాదన్నారు. మాట వచ్చింది, బొంగురుగా... పాట మాత్రం రాలేదు. చేలో గానీ, చర్చిలో గానీ ఆమె మళ్ళీ పాట ఎత్తుకోలేదు.

తర్వాత కొన్నేళ్ళకి రూతత్తకి పాప పుట్టింది. ఒకరోజు పాప ఎంతకీ ఏడుపు మానకపోతే, అత్త ఆ జోలపాట పెట్టింది. నాయనమ్మ ఉయ్యాల ఊపుతూ కూర్చుంది. పాట లాప్‌టాప్‌లోంచి వస్తుంటే, ఆమె పెదాలు శబ్దం లేకుండా కదులుతున్నాయి... పాప ఏడుపు ఆపి ఆ పెదాలనే చూస్తోంది. తన ముత్తవ్వ నాటి ఆ పాట, గొంతు లేని అమ్మమ్మ నోట్లోంచి వస్తోందనే అనుకుని ఉంటుంది ఆ పసిది. నాకూ ఆ క్షణాన అలాగే అనిపించింది.

ఈమధ్య నా లాప్‌టాప్ నెమ్మదించింది. ర్యామ్ పెంచమని షాపుకి తీసుకెళ్తే, "దీంట్లో బోర్డుకే అతికించి వస్తుందండి, మార్చేది ఉండదు. కొత్తది తీసుకోండి" అన్నాడు. చేసేది లేక తిరిగొచ్చాను. ఇప్పుడు అన్నీ పలచగా, అందంగా ఉంటున్నాయి... విప్పి చూసి నోరు తెరిచే భాగ్యమే ఉండటం లేదు పిల్లలకి.

మీ ఇంట్లో ఎవరైనా ఒక వస్తువుని ధైర్యంగా విప్పి, మళ్ళీ బతికించిన రోజు మీకు గుర్తుందా? ఆ వేళ మీరు ఎక్కడ నిలబడి చూశారు?... చెప్పండి, వినాలనుంది.