బేతంచెర్ల జ్వరాల షెడ్డులో తొమ్మిది రోజులు

పందొమ్మిది వందల యాభై ఏడు, జూన్ నెల. ఉదయం ఏడింటికి బేతంచెర్ల స్టేషన్ వెనక బండల షెడ్డులో డ్యూటీకి చేరాను. రేకుల కప్పు. మూడు పక్కల గోడ, నాలుగో పక్క గోనెపట్టా తెర. పాలిష్ చేసిన నాపరాళ్ల మీద పదకొండు చాపలు, పదకొండు మంది గని కూలీలు. అందరికీ ఒకటే జ్వరం, ఒకటే దగ్గు.

ఆయాగా రమ్మంటే ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. నేను చదివింది మూడో తరగతి. మా ఆయన పోయి రెండేళ్లు. ఇంట్లో నేనూ మా అత్తా, ఇద్దరమే. ఇద్దరమూ వచ్చాం. సామాను: రెండు కుండలు, ఒక గరిటె, పాత చీర చింపిన గుడ్డలు. కొత్త గుడ్డ అడగలేదు. పాతది ఉడకబెడితే చాలు.

అధికారి కాంపౌండర్ సాయిబు. పటాలంలో పనిచేసి వచ్చినవాడు. ఆర్డర్లు మూడు. గంటకోసారి నీళ్లు తాపాలి. జ్వరం దిగినా, పడకేసి వారం అయ్యేదాకా ఎవరినీ గనికి పంపకూడదు. అరవై దాటినవాళ్లు తెర దాటకూడదు.

మూడోది మా అత్త కోసమే. ఆమెకు ఎనభై. బయట పొయ్యి మీద జొన్న గంజి కాచి, తెర కింద నుంచి కుండ లోపలికి తోసేది.

"ఉప్పు నువ్వెయ్యొద్దమ్మే. నీ చెయ్యి దుబారా" అనేది.

రెండో రోజు ఒకడి ఒళ్లు పెనంలా కాలింది. నేను బెదిరాను.

"సాయిబూ, ఈ మంట చల్లార్చే మందు లేదా?"

"ఉండనీమ్మా. ఆ మంట ఒళ్లే పెట్టుకునింది. ఆ వేడికి పురుగు సరిగా పెరగదు. గొంతు పక్కన తడిమి చూడు, గడ్డలుండాయి. ఒంట్లో ఉండే పటాలం దిగింది ఆడనే. ఈ పురుగుకు సరిపోయే ఆయుధం తయారైతాండాది. దానికి వారం పడుతుంది. అంతదాకా మనిషిని నిలబెట్టేదే మన పని."

"గెలిచినాక ఆ సిపాయిలు యాడికి పోతారు?"

"శానామంది ఆడనే చస్తారు. కొందరు మాత్రం ఒంట్లోనే కాపలా ఉంటారు. మళ్లా అదే మొగం కనపడితే గుర్తుపడతారు."

నాలుగో రోజు, రాళ్లు కొట్టేవాడొకడు జ్వరం దిగిందని చెప్పులు వేసుకున్నాడు.

"లారీ వస్తాండాదక్కా. పోతా."

"లారీ ఆగుతుంది. నీ ఒళ్లు ఇంకా కొట్లాడతాండాది. పండుకో."

చెప్పులు లాక్కొని దాచేశాను. రెండు రోజులు నన్ను తిట్టాడు. తిట్టే ఓపిక వచ్చిందని సంతోషించాను.

ఆరో రోజు పదకొండింటికి నా వీపు జలదరించింది. మధ్యాహ్నానికి పన్నెండో చాప నాదయింది. కీళ్లన్నీ విరిచినట్టు నొప్పి. గొంతు పక్కన తడుముకున్నాను. గడ్డలు. సరే, సిపాయిలు దిగారు అనుకున్నాను.

తెర కదిలింది. అత్త లోపలికి వచ్చింది.

"రావొద్దత్తా. ఆర్డరు."

నా జ్వరానికి నేను భయపడలేదు. ఈ వయసులో ఇది పట్టుకుంటే ఆమె లేవదు. ఆమె పోతే నాకెవరూ లేరు.

"ఆర్డరు సాయిబుది. కోడలు నాది. నోరు తెరువు."

మూడు రోజులు అక్కడే ఉంది. పన్నెండు మందికి నీళ్లు తాపింది, కఫం తుడిచింది. పూటపూటకూ నేను చెయ్యి చాచి ఆమె నుదురు చూసేదాన్ని. చల్లగానే ఉండేది.

"నన్ను తడిమేది చాలు. గంజి తాగమ్మే. ఒలకబోయొద్దు."

తొమ్మిదో రోజు పదకొండు మందినీ ఇళ్లకు పంపాక, తెర విప్పుతూ సాయిబు అత్తను అడిగాడు. "అవ్వా, చిన్నప్పుడు ఇట్టాంటి జ్వరం వచ్చినాదా నీకు?"

"కాపురానికొచ్చిన ఏడు ఊరంతా పడకేసింది. నేనూ పడితి. ఇట్టనే దగ్గు, ఇట్టనే నొప్పులు."

"అయితే నీ ఒంట్లో అప్పటి సిపాయిలు ఉండారేమో. గట్టిగా చెప్పలేను."

"జీతం లేకుండా ఇన్నేండ్లు కాపలా కాసినారా? మంచోళ్లే" అంది అత్త.

సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగాం. ఇల్లు మైలు దూరం. నా కాళ్లలో బలం లేదు. పది అడుగులకోసారి ఆగిపోయాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. తెల్లటి రాతి దుమ్ములో ముందు నడిచింది. నేను ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగేది. వెనక్కి తిరిగేది కాదు. కొంగు సర్దుకుంటున్నట్టు నిలబడి, నా అడుగు వినిపించాక కదిలేది. ఎనభై ఏళ్ల ఆ వంగిన వీపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఆగే ఉంది.